వ్యాగన్ఆర్, స్ప్లెండర్ పనులు ఇంట్లోనే చేసుకోవాలంటే ఏ పానాలు కొనాలి?

హన్మకొండ_పోరడు

అన్నలకు నమస్తే. మాది హన్మకొండ. ఇంట్లో రెండు బండ్లున్నాయి, నాన్నది 2012 వ్యాగన్ఆర్, నాది స్ప్లెండర్. మొన్న పొద్దున కారు స్టార్ట్ కాకపోతే మెకానిక్‌ను పిలిపించా, ఆయన వచ్చి బ్యాటరీ టెర్మినల్ నట్టు బిగించి 400 తీసుకొని పోయాడు. ఆ నట్టుకు పట్టే పానా మా ఇంట్లో లేదు, అదీ సంగతి.

ఇక నుంచి ఆయిల్ మార్చడం, ఫిల్టర్లు, ప్లగ్గులు, బైకు చైన్ బిగించడం, టైరు విప్పి బ్రేకులు చూసుకోవడం నేనే చేద్దామనుకుంటున్నా. బడ్జెట్ 10 వేలు. ఆన్‌లైన్‌లో 108 ముక్కల డబ్బా ఒకటి చూశా. దానితోపాటు బ్యాటరీ ఇంపాక్ట్ రెంచి ఒకటి తీసుకుంటే సరిపోతుందా? వీడియోల్లో టర్ర్‌మని రెండు సెకన్లలో వీల్ నట్లు ఊడదీస్తుంటే మస్తు అనిపిస్తోంది. ఇంకోటి, తాతయ్య కాలం నాటి రేకు డబ్బాలో తుప్పు పట్టిన పానాలు కొన్ని ఉన్నాయి, పాత ఇనుప సామాను అతనికి వేసేద్దామని అమ్మ అంటోంది. వేసెయ్యాలా?

కాజీపేట_రిటైర్డ్

వెయ్యకు తమ్మీ, ఆ డబ్బా సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు అందులోని పానాల మీద ఉన్న అంకెలు చూసి ఇక్కడ రాయి.

ఇక 108 ముక్కలు. అందులో సగం స్క్రూడ్రైవర్ బిట్లే ఉంటాయి, గోరంత బిట్టు కూడా ఒక ముక్క కిందే లెక్క. నేను లోకో షెడ్‌లో పని చేసి రిటైరైన మనిషిని, ఇంటి బండ్లకు నేను వాడేవి లెక్కపెడితే ఇరవై సామాన్లు కూడా దాటవు. ఒక ఆదివారం బానెట్ ఎత్తి, నువ్వు చేస్తానంటున్న పనులకు ఏయే నట్లు విప్పాలో చూసి సైజులు కాగితం మీద రాసుకో. నీ రెండు బండ్లకూ 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల సైజులతోనే చాలా పని జరిగిపోతుంది. నీకు 400 ఖర్చు పెట్టించిన ఆ బ్యాటరీ నట్టు 10 అయి ఉంటుంది. కారు వీల్ నట్టు 19.

టపారియా లాంటి మామూలు కంపెనీ రింగ్ పానాల సెట్ ఒకటి తీసుకో, ఎనిమిది పానాల సెట్‌లో 6 నుంచి 22 వరకు వస్తాయి. రింగే ఎందుకంటే, ఓపెన్ పానా నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది, గట్టిగా ఉన్న నట్టు మీద బలం పెడితే జారి మూలలు అరిగిపోతాయి, రింగ్ చుట్టూ పట్టుకుంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. ఓపెన్ పానా వదులైన నట్టును త్వరగా తిప్పడానికి పనికొస్తుంది, అంతవరకే. దాని తర్వాత నట్టు మీద టోపీలా కూర్చునే సాకెట్ల సెట్, అర అంగుళం డ్రైవ్‌ది (అంటే హ్యాండిల్ తగిలే చదరపు కన్నం సైజు), లోపల పన్నెండు గాట్లది కాకుండా ఆరు పలకలది అడిగి తీసుకో. ఒక పొడుగాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు కూడా. కారు ప్లగ్గులు లోతు గుంతలో ఉంటాయి, లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న ప్లగ్ సాకెట్ లేకపోతే విప్పిన ప్లగ్గు అక్కడే ఉండిపోతుంది, పైకి రాదు. నాకు ఒకసారి చీపురు పుల్లలతో తీయాల్సి వచ్చింది, మా ఇంటావిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆటోనగర్_షెడ్డు

నేను మెకానిక్‌ను. ఇట్లాంటివి చదివితే మాకు కోపం రావాలి కానీ రాదు, ఎందుకంటే ఇంట్లో చెడగొట్టి తెచ్చే బండ్లతో కూడా మాకు పని దొరుకుతుంది 😀

ఎక్కువగా వచ్చేది బైకు ఆయిల్ డ్రెయిన్ బోల్టు. బోల్టు ఉక్కుది, అది ఎక్కే ఇంజిన్ కేసు అల్యూమినియంది. లీక్ అవుతుందేమోనని టెన్షన్‌తో పొడుగు పానా పెట్టి ఇంకో చుట్టు, ఇంకో సగం చుట్టు అని బిగిస్తారు, కేసులో మర పోతుంది. ఇక హెలికాయిల్ (పోయిన మర బదులు లోపల కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించాలి లేదా పెద్ద బోల్టుకు మర కోయించాలి, 30 రూపాయల వాషర్ మారిస్తే పోయేదానికి. లీక్ ఆపేది ఆ వాషరే, ఆయిల్ మార్చిన ప్రతిసారీ అది కొత్తది వెయ్యి. బోల్టు మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పు, చేతికి తిరగలేదంటే వంకరగా ఎక్కుతోందని అర్థం, పానా పెట్టొద్దు, విప్పి మళ్లీ మొదలుపెట్టు.

రెండోది ప్లస్ స్క్రూలు. స్ప్లెండర్ లాంటి జపాన్ డిజైన్ బండ్లలో వీటి గాటు జపాన్ ప్రమాణం ప్రకారం ఉంటుంది, మనం వాడే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ చూడ్డానికి అట్లనే ఉంటుంది కానీ అడుగు దాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి ఎగిరి తల అరగదీస్తుంది. జిస్ స్క్రూడ్రైవర్ అని అడుగు, 2వ నంబరు ఒకటి, 3వ నంబరు ఒకటి చాలు. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి ఉంటుంది, కరెంటూ బ్యాటరీ ఏమీ అక్కర్లేదు, ఎండకూ వానకూ పట్టేసిన స్క్రూకి దాన్ని మించింది లేదు. నువ్వు కొంటానన్న మెషీన్ కన్నా నీకు ఇదే ఎక్కువసార్లు పనికొస్తుంది.

బ్రేకులు మాత్రం మొదటి రెండుసార్లు ఎవరైనా తెలిసినవాళ్లు పక్కన ఉన్నప్పుడే చెయ్యి. అది నా పని పోతుందని అంటున్న మాట కాదు.

నర్సంపేట_రోడ్

ఎవరూ జాకీ గురించి మాట్లాడలేదు కాబట్టి నా కథ రాస్తున్నా. మా ఇంటి ముందు షాబాద్ బండలు పరిచి ఉంటాయి. పోయిన ఎండాకాలం కారు ముందు టైరు విప్పుదామని బండ మీదే జాకీ పెట్టి లేపా. టైరు ఊడదీసి పక్కన పెట్టి, కింద పడిన నట్టు కోసం వంగే లోపల టప్‌మని చప్పుడు. బండ కింద మట్టి ఎప్పుడో జారిపోయి డొల్లగా ఉందట, బండ పగిలి జాకీ ఒరిగింది, కారు వచ్చి కూర్చుంది. నా అదృష్టం, ఎక్కడో చదివి స్టెప్నీని బాడీ కిందికి తోసి ఉంచా, దాని మీద ఆగింది. లేకపోతే నా చెయ్యి అక్కడే ఉంది.

అందుకని నీ 10 వేలల్లో మొదటి ఖర్చు జాక్ స్టాండ్ల జత. జాకీ లేపడానికే, కారు నిలవాల్సింది స్టాండ్ల మీద. హైడ్రాలిక్ జాకీ అయినా అంతే, లోపల సీలు కారితే మెల్లగా దిగిపోతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. జాకీ కింద మందపాటి చెక్క, నేల మీదే ఉండే టైర్లకు ముందూ వెనకా అడ్డం, హ్యాండ్ బ్రేక్ కూడా వెయ్యి. నట్లు టైరు నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసుకొని తర్వాత లేపు, గాల్లో ఉన్న కారును గుంజితే ఊగుతుంది.

వోల్టు_మావయ్య

మెషీన్ల గురించి నేను చెప్తా, నా దగ్గర నాలుగున్నాయి, అందులో రెండు కొని తప్పు చేశా.

ఆన్‌లైన్‌లో ఇంపాక్ట్ రెంచి చౌకగా కనబడితే కింద చిన్న అక్షరాలు చదువు, బ్యాటరీ, ఛార్జర్ లేకుండా ఒట్టి మెషీన్ ధర అయి ఉంటుంది. అవి కలిపితే నీ బడ్జెట్ చాలావరకు అక్కడే అయిపోతుంది. 20 వోల్టులదంటే 18 కన్నా బలమైనదనుకొని నేను మోసపోయా, రెండిట్లోనూ అవే ఐదు సెల్స్ వరుస, నిండుగా ఛార్జ్ అయినప్పుడు 20, మామూలుగా 18, అంతే తేడా. రెంచికి మామూలు మెరిసే సాకెట్లు తగిలించొద్దు, దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి, దానికని నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, దానితో విప్పు కానీ బిగించకు. మా పాత వ్యాగన్ఆర్ మాన్యువల్‌లో వీల్ నట్టుకు 85 న్యూటన్ మీటర్లు అని ఉంది, నీది నువ్వు చూసుకో. 30 సెంటీమీటర్ల రెంచి చివర 29 కిలోల బరువు మోపితే వచ్చే బిగువు అది. మన టైర్ల షాపుల్లో రెంచి మీద ఎక్కి నిలబడతారు చూడు, 70 కిలోల మనిషైతే రెట్టింపు దాటిపోతుంది, తర్వాత రోడ్డు మీద పంచర్ అయితే ఆ నట్టు ఊడక మనం చెమటలు కక్కుతాం. మెషీన్ పైసలతో మనం పెట్టిన బిగువు రాగానే టిక్‌మనే క్లిక్ టార్క్ రెంచి ఒకటి, పట్టేసిన నట్లు విప్పే రెండు అడుగుల బ్రేకర్ బార్ ఒకటి కొంటే ఇంకా మిగులుతాయి. టార్క్ రెంచితో నట్లు విప్పకు, పని అయ్యాక స్ప్రింగ్‌ను కింది అంకె దాకా తిప్పి పెట్టు.

కరెంటు సామానులో నువ్వు నిజంగా వాడేది టైర్లకు గాలి కొట్టే 12 వోల్టుల పంపు. గ్రైండర్ ఇప్పుడప్పుడే వద్దు, తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టు కోయాల్సిన రోజు వస్తే ఎవరిదైనా అడిగి తెచ్చుకో. తెచ్చుకుంటే కళ్లద్దాలు పెట్టుకో, గార్డు పీకకు, పెట్రోలు దగ్గరా బ్యాటరీ దగ్గరా నిప్పురవ్వలు పడనీయకు.

హన్మకొండ_పోరడు

అన్నలూ, చాలా థ్యాంక్స్. 108 ముక్కలు క్యాన్సిల్. వరంగల్ పోయి రింగ్ సెట్, ఆరు పలకల సాకెట్లు, స్టాండ్లు, బ్రేకర్ బార్ తెచ్చా. టార్క్ రెంచి వచ్చే నెల. జిస్ స్క్రూడ్రైవర్ అంటే షాపతను నన్ను వింతగా చూశాడు, అది ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తున్నా.

తాతయ్య డబ్బాలో కిరోసిన్ వేసి రుద్దితే అంకెలు కనబడ్డాయి: 1/2, 9/16, 11/16, 3/4, ఇంకోదాని మీద 3/8 W అని ఉంది. ఇవేం సైజులు?

కాజీపేట_రిటైర్డ్

అంగుళాల పానాలు తమ్మీ. 3/4 అంటే 19.05 మిల్లీమీటర్లు, నీ కారు వీల్ నట్టుకు అతికినట్టు కూర్చుంటుంది, దాన్ని డిక్కీలో పెట్టుకో. 9/16 అంటే 14.3, 14 నట్టు మీద కొంచెం వదులుగా పడుతుంది, మరీ గట్టిది కాకపోతే నడుస్తుంది. 1/2, 11/16 మాత్రం మోసం చేస్తాయి, 12.7ది 13కి ఎక్కదు, 12 మీద జారుతుంది, 17.5ది 17 నట్టును గుండ్రం చేసి పెడుతుంది. ఆ రెండిటికీ ఎర్ర రంగు పూసి పక్కన పెట్టు, మర్చిపోయి వాడకుండా. W అంటే విట్‌వర్త్, పాత బ్రిటిష్ ప్రమాణం, దాని మీద అంకె బోల్టు లావుది, నట్టు తలది కాదు, అందుకే 3/8 అని ఉన్నా చేతిలోకి తీసుకుంటే అంత పెద్దగా ఉంటుంది. మీ తాతయ్య ఏ బండి నడిపేవారో అమ్మను అడుగు, పాత బుల్లెట్టేమో.