బేస్‌మెంట్‌లో దొరికిన సోల్ 45లు: 80 డాలర్లకు ఇచ్చేయనా?

ఫార్మింగ్టన్_నాని

అందరికీ నమస్కారం. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో పాతిల్లు ఒకటి కొన్నాం. బేస్‌మెంట్ మూల రెండు అట్టపెట్టెల నిండా 45 ఆర్‌పీఎం సింగిల్స్ ఉన్నాయి, అంటే వైపుకో పాటుండే చిన్న రికార్డులు. సోల్ పాటలవి, అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం. లెక్కపెడితే 163. ఇల్లు అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మా అమ్మవి, నాకొద్దు, ఉంచేసుకోండి" అన్నాడు. సగానికి పైగా మోటౌన్, టామ్లా, గోర్డీ కంపెనీల లేబుళ్లు. మిగతావి నేనెప్పుడూ వినని పేర్లు. కొన్నింటికి తెల్ల లేబుల్, దాని మీద 'అమ్మకానికి కాదు' అని అచ్చు.

దగ్గర్లోని ఒక షాపుకి పట్టుకెళ్తే రెండు నిమిషాలు తిరగేసి "మొత్తానికి 80 డాలర్లు" అన్నాడు. మా ఆవిడ ఇచ్చేసి రమ్మంటోంది. కానీ మాట్లాడుతూనే తెల్ల లేబుళ్లన్నీ అతను విడిగా పెట్టుకోవడం చూశా. అందుకే వెనక్కి తెచ్చేశా. ఎవరికైనా వీటి సంగతి తెలుసా?

షికాగో_శీను

వెనక్కి తెచ్చి మంచి పని చేశావు తమ్ముడూ. నేను ఎనిమిదేళ్లుగా ఇవి కొని అమ్ముతున్నా. ముందు పెద్ద హిట్లన్నీ పక్కన పెట్టెయ్. సుప్రీమ్స్, టెంప్టేషన్స్ లాంటివి లక్షల్లో అమ్ముడుపోయాయి, ఇక్కడ ప్రతి ఇంటి అటక మీదా ఉంటాయి. అరిగినవైతే ఒకటి రెండు డాలర్లు కూడా కష్టమే.

నువ్వు వినని పేర్లున్నాయి చూడు, వెతకాల్సింది అక్కడ. 1965, 66, 67 ప్రాంతాల్లో డెట్రాయిట్‌లో, మా షికాగోలో కాస్త డబ్బున్న ప్రతివాడూ ఓ లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పెట్టాడు. కొన్ని వందల కాపీలు కొట్టించి రేడియో వాళ్లకు పంచేవాళ్లు. పాట ఆడకపోతే మిగిలినవి కారు డిక్కీలోనే ఉండిపోయేవి. అలా పోయిన పాటలకే ఇప్పుడు గిరాకీ.

లేబుళ్ల ఫోటోలు పెట్టు. పాట లేని లోపలి రింగు మీద చెక్కిన నంబర్లు కూడా కనబడాలి.

మాంచెస్టర్_మాధవి

నాని గారూ, మీ పెట్టె ఖరీదు డెట్రాయిట్‌లో కాదు, మా ఇంగ్లండ్ వైపు తేలుతుంది. వింతగా ఉంటుంది గానీ నిజం. 1960లలో ఇక్కడ ట్విస్టెడ్ వీల్ అనే క్లబ్బులో కుర్రాళ్లు అమెరికా సోల్ పాటలకు తెల్లార్లూ డాన్సులు చేసేవాళ్లు. తర్వాత అమెరికాలో ఫంక్ అనే కొత్త బాణీ వచ్చింది, దరువు మారింది. వీళ్లకి మాత్రం ఆ పాత వేగమే కావాలి. కొత్తవి రావడం లేదు కాబట్టి అప్పట్లో ఆడని పాటల కోసం వెతకడం మొదలుపెట్టారు. 1970లో డేవ్ గాడిన్ అనే రచయిత దీనికి 'నార్తర్న్ సోల్' అని పేరు పెట్టాడు. 1973లో విగన్ ఊళ్లోని 'విగన్ కాసినో' డాన్స్ క్లబ్బులో ఆల్‌నైటర్లు, అంటే తెల్లార్లూ సాగే డాన్సులు, మొదలై 1981 దాకా సాగాయి. డీజేలు అమెరికా గోడౌన్లకు వెళ్లి అమ్ముడుపోని సరుకు తవ్వి తెచ్చేవారు. పక్క డీజే కనిపెట్టకుండా లేబుల్ మీద కాగితం అంటించి, గాయకుడికి దొంగపేరు చెప్పేవారు. దాన్ని 'కవరప్' అంటారు.

మా హాస్పిటల్లో ఒకావిడ లాక్కెళ్తే ఇలాంటి సోల్ నైట్‌కి మొదటిసారి వెళ్లాను. నేల మీద టాల్కమ్ పౌడర్ చల్లుకుని అరవై దాటిన తాతలు బొంగరాల్లా తిరుగుతున్నారు! ఆ రోజే పడిపోయాను.

చెప్పొచ్చేదేమిటంటే, అరుదైనది కావడం ఒక్కటే చాలదు. ఆ పాటకు కాలు కదలాలి. వంద కాపీలే ఉన్నా ఎవరూ అడగని రికార్డులు నా దగ్గరే బోలెడున్నాయి.

ఇంకోటి. ఏ పాట అన్నది ఒక్కటే చూడకండి, ఏ దేశంలో ఏ లేబుల్ మీద వచ్చిందో చూడండి. డారెల్ బ్యాంక్స్ 1966 పాట 'ఓపెన్ ది డోర్ టు యువర్ హార్ట్' అమెరికాలో రెవిలాట్ లేబుల్ మీద పెద్ద హిట్, ఆ కాపీ సులువుగా దొరుకుతుంది. అదే పాట ఇంగ్లండ్‌లో లండన్ లేబుల్ మీద వేయబోయి, హక్కులు వేరే కంపెనీకి వెళ్లడంతో ఆపేశారు. బయటపడిన ఆ కాపీ 2014 వేలంలో 14,543 పౌండ్లు పలికింది.

ఫార్మింగ్టన్_నాని

అమ్మో! మరి లక్ష పౌండ్ల రికార్డు అని ఎక్కడో చదివాను, అది గాలి కబురేనా?

షికాగో_శీను

గాలి కబురు కాదు. ఫ్రాంక్ విల్సన్ 'డు ఐ లవ్ యూ', 1965, మోటౌన్ వాళ్ల 'సోల్' అనే లేబుల్. ప్రోమో కాపీలు (అమ్మకానికి కాకుండా రేడియో వాళ్లకు పంచేవి) కొట్టాక ఆయన పాడటం మానేసి ప్రొడ్యూసర్‌గా ఉండిపోయాడు, కాపీలు దాదాపు అన్నీ నాశనం చేశారు. ఒకటి 2009లో 25,742 పౌండ్లకు పోయింది. 2020లో లక్ష దాటిందని వార్తలొచ్చాయి. నీ పెట్టెలో ఉందేమోనని ఆశపడకు, లాటరీ టికెట్ కొనుక్కోవడం నయం.

సందేహాల_రావు

నాకర్థం కాక అడుగుతున్నా. అదే పాట రీఇష్యూ, అంటే తర్వాత మళ్లీ వేసిన రికార్డు, పది పౌండ్లకు దొరుకుతుంది, ఫోన్‌లో అయితే ఊరికే. వినడానికి తేడా ఏముంది? వీళ్లు కొంటున్నది పాటనా, కాగితం లేబుల్‌నా?

మాంచెస్టర్_మాధవి

రావు గారూ, సగం నిజమే. చాలా సోల్ నైట్లలో డీజే ఒరిజినల్ రికార్డే వేయాలి, అది కట్టుబాటు. రీఇష్యూ వేస్తే మొహం మీదే అనేస్తారు. కాస్త అతి అని నాకూ అనిపిస్తుంది. ధర నిలబడింది మాత్రం ఆ పట్టుదల మీదే.

షికాగో_శీను

ఆ పట్టుదల వల్లే దొంగ కాపీలూ పుట్టాయి. 1970లలోనే కొట్టారు. నేను మొదటి ఏడాది 220 డాలర్లు పెట్టి ఒకటి కొన్నా. లేబుల్ చూస్తే అచ్చం ఒరిజినలే. లోపలి రింగు చూస్తే మెషిన్‌తో గుద్దిన ముద్ర ఉండాల్సిన చోట సూదితో గీకిన నంబరుంది. అమ్మినవాడు ఫోన్ ఎత్తితే ఒట్టు.

అప్పట్నుంచి ముందు రింగే చూస్తా. డెట్రాయిట్‌లో 1965 నుంచి నడుస్తున్న ఆర్చర్ ఫ్యాక్టరీ సరుకైతే కలిపి రాసిన ఏఆర్‌పీ గుర్తుంటుంది. లాస్ ఏంజెలెస్ మోనార్క్‌ది అయితే చిన్న త్రికోణం, పక్కన నంబరు.

మోనార్క్ సింగిల్స్ ఎక్కువగా స్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. మామూలు రికార్డుల ప్లాస్టిక్ వినైల్ కాస్త వంగుతుంది, ఇది వంగదు, గోటితో కొడితే టక్కున మోగుతుంది. స్టైరీన్ ఒరిజినల్‌గా పేరున్న రికార్డు వినైల్‌లో చేతికొస్తే అనుమానించు. అరిగిన సూదితో స్టైరీన్‌ని ఒక్కసారి కూడా ఆడించొద్దు. 'అరిగిపోయిన రికార్డు' అని ఊరికే అనలేదు మనవాళ్లు, ఆ బుస ఇక పోదు.

డాలస్_కిట్టు

గ్రేడింగ్, అంటే రికార్డు ఎంత బాగుందో చెప్పే గుర్తు, గురించి నా గోడు వినండి. ఒక రికార్డు కంటికి తళతళలాడుతోందని 'వీజీ ప్లస్' (వెరీ గుడ్ ప్లస్) రాసి 95 డాలర్లకు అమ్మా. కొన్నాయన ఇంగ్లండ్ నుంచి, రెండో నిమిషంలో పాట ఎగురుతోందని వీడియో పంపాడు. డబ్బు వెనక్కిచ్చా, పోస్టేజీ నాకే పడింది. ఇప్పుడు రెండు వైపులా పూర్తిగా విన్నాకే పెడుతున్నా. లేబుల్ మీద పెన్నుతో పేరు రాసి ఉంటే అదీ చెప్పెయ్యాలి, దాచొద్దు.

ప్యాకింగ్‌లో రికార్డుని కవర్‌లోంచి తీసి, డబ్బాలో కవర్ పక్కనే పెట్టాలి, లేకపోతే దారిలో కవర్ అంచు చిరుగుతుంది. అమెరికా లోపలైతే పుస్తకాలు, రికార్డుల్లాంటి వాటికి పోస్టాఫీసు వాళ్లిచ్చే మీడియా మెయిల్‌లో చవగ్గా పోతుంది.

సికింద్రాబాద్_ఈపీ

నా దగ్గర మన సినిమా ఈపీలు (చిన్న రికార్డులు) రెండొందల దాకా ఉన్నాయి, అన్నీ కలకత్తా డమ్ డమ్‌లో హెచ్‌ఎంవీ కొట్టినవే. సైజు అదే, కానీ చిన్న రంధ్రం. మా బాబాయి ఆమధ్య అమెరికా నుంచి సోల్ సింగిల్ ఒకటి తెచ్చాడు, దాని రంధ్రం రూపాయి బిళ్ల కన్నా పెద్దది! మధ్యలో పెట్టే ప్లాస్టిక్ ముక్క ఇక్కడ దొరకడం లేదు. అట్టముక్క కోసి పెడితే రికార్డు పక్కకి జరిగి రాగం ఊగుతోంది.

ఫార్మింగ్టన్_నాని

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చా. శీనన్న చెప్పినట్టు ఫోటోలు తీసి, పాత వేలం ధరలతో పోల్చుకుంటూ కూర్చున్నా. 163లో 120 దాకా మామూలు హిట్లే, ఒకరికి గంపగుత్తగా 60 డాలర్లకు ఇచ్చేశా. తెల్ల లేబుళ్లు 11. వాటిలో ఆరు పెద్ద పాటల ప్రోమోలు, పదీ పదిహేను చొప్పున పోయాయి. రెండు పగిలినవి. ఒకటి మాత్రం, డెట్రాయిట్‌లోనే కొట్టిన ఊరూపేరూ లేని లేబుల్, 340 డాలర్లకు ఇంగ్లండ్ వెళ్లింది. మా ఆవిడ ఇప్పుడు మిగతా పెట్టె మీద చెయ్యి వేయనివ్వడం లేదు.

తెల్ల లేబుళ్లలో ఇంకో రెండింటి మీద ఆ అమ్మ పేరు నీలం పెన్నుతో రాసుంది. ధర సగమే వస్తుందన్నారు. అవి ఇంట్లోనే ఉంచేశాం, ఆదివారం వేసుకుంటున్నాం.

సికింద్రాబాద్ అన్నా, ఆ ప్లాస్టిక్ ముక్కలు ఇక్కడ డజను కొన్నా. మా అత్తగారు వచ్చే నెల కూకట్‌పల్లి వెళ్తున్నారు. మెసేజ్ పెట్టండి, ఆవిడ చేతికిచ్చి పంపిస్తా.