సమస్యాపూరణం: పాట లేనివాడె పాటగాడు

నిర్వాహకుడు: ఈసారి సమస్య, అంటే పైన మూడు పాదాలు రాసి మీరు పూరించాల్సిన ఆటవెలది నాలుగో పాదం: "పాట లేనివాడె పాటగాడు". ఐదు సూర్యగణాలూ (మూడు లఘువులో, గురువు-లఘువో ఉండే చిన్న గణాలు) ఇక్కడ గలాలే (గురువు, లఘువు); యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో జత, పా-పా. సందర్భం: జేబు ఖాళీగా, బాణీ సగంలో ఉన్నా మనల్ని నవ్వించే సంగీతకారుల హాస్యచిత్రం. కథంతా వద్దు, ఒక్క సన్నివేశం కనబడితే చాలు. పాట లేనివాడు పాటగాడెలా అవుతాడన్న విరోధం పద్యంలోనే తీరాలి. కింద వివరణ రాసి తీర్చుకుంటే పూరణ కాదు.

చిరుగజ్జె:
అప్పు తీర్చలేక హార్మోనియమ్మును
వేలమందు పెట్టి వీధి నిలువ,
బ్రతుకు మీద నింక బాకీల వేలంపు
పాట లేనివాడె పాటగాడు!

నిర్వాహకుడు: పాటను వేలంపాట వైపు తిప్పడం కొంటెగా ఉంది. పోవడానికి ఇంకేమీ మిగలనివాడు గొంతెత్తాడన్నమాట. అకారానికి హార్మోనియం యతి కుదరడం కూడా ముచ్చటే. కానీ వేలంపాట జనం నోట ఒకే మాట. దాన్ని "వేలంపు పాట" చేస్తే కృతకంగా ఉంది.

చిరుగజ్జె: గంటసేపు తంటాలు పడ్డానండీ. మూడో పాదం చివర ఇంద్రగణం (సూర్యగణం కన్నా పెద్దది) రావాలి. ఏ ఇంద్రగణమూ రెండు గురువులతో ముగియదు కాబట్టి రెండూ గురువులైన "వేలం" అక్కడ ఇమడనే ఇమడదు.

నిర్వాహకుడు: నిజమే, ఆ సంగతి నాకు తట్టలేదు. తప్పు సగం మాఫీ.

వెన్నెలదారి:
పల్లవొకడు రాసె, బాణి యింకొక్కడు,
ఎవరి పేరు ముందొ యిదియె గొడవ;
తగవు తీరు నపుడె, తనదంచు నేయొక్క
పాట లేనివాడె పాటగాడు.

నిర్వాహకుడు: సన్నివేశమంటే ఇదీ! ఇద్దరు మిత్రులు, ఒక పాట, పేర్ల దగ్గర పేచీ. అయితే "పల్లవొకడు" చెవికి గుచ్చుకుంటోంది. పల్లవిలోని ఇకారం అలా జారిపోకూడదు. "పల్లవి యొకడు" అంటే గణం చెడుతుంది. "పదము లొకడు రాసె" అనండి, ఉత్వసంధి (చివరి ఉకారం లోపించడం) కాబట్టి పేచీ లేదు.

చిరుగజ్జె: సినిమా పాటకు తరచుగా బాణీయే ముందు పుడుతుంది కదా, మాటలు తర్వాత వచ్చి అందులో సర్దుకుంటాయి. "బాణి యొకడు కట్టె, పదము లింకొక్కడు" అంటే? గణాలూ యతీ చెడలేదు.

వెన్నెలదారి: నా పాదం నాకే గుర్తుపట్టరాకుండా పోయింది. అయినా ఇదే బాగుంది, తీసుకుంటున్నాను.

పాతకలం:
మాట మరచి వాడు మౌనమై నిలువంగ
సభయె యందుకొనియె చరణ మపుడు!
ఎవ్వ రనిరి వీని? నిప్పుడు చూడండి,
పాట లేనివాడె? పాటగాడు!

నిర్వాహకుడు: ఒక్క ప్రశ్నార్థకంతో ముడి విప్పేశారు, పాతకలం గారూ. రెండో పాదం దగ్గర నాకు ఒళ్లు పులకరించింది. అవధానంలో అయితే కాకువుతో (గొంతు విరుపుతో) చదివి చప్పట్లు కొట్టించుకోవచ్చు. కాగితం మీద మాత్రం ఆ చిన్న గుర్తు చెరిగితే పూరణే పోతుంది. మూడో పాదంలో "ఏమని అన్నారు" అన్నది కూడా పాఠకుడే ఊహించుకోవాలి.

పాతకలం: ఒప్పుకుంటాను. చప్పట్ల ఆశ కొంత ఉన్నమాట నిజం.

నిర్వాహకుడు: నా మొగ్గు రెండో పూరణకే, మారిన మొదటి పాదంతో. చిక్కల్లా ఒకటే. పద్యం వెన్నెలదారి గారిది, తప్పు పట్టింది నేను, పాదం తిరగరాసింది చిరుగజ్జె గారు. ఇప్పుడు ఎవరి పేరు ముందు వేయమంటారు?