పొలం పనుల మధ్య పక్షుల ఫొటోలు: తీతువు గుడ్లున్న మడిని ఏం చేయాలి?

ప్రశ్న (పద్మనాభం మండలం నుండి):

అందరికీ నమస్కారం. గోస్తనీ నదికి దగ్గరలో మాకు కొంత పల్లపు భూమి, దానిని ఆనుకొని జీడిమామిడి తోట ఉన్నాయి. వ్యవసాయం నేనే చూసుకుంటాను. కెమెరా, 70–300 మిల్లీమీటర్ల లెన్సు ఎప్పుడూ వెంట ఉంటాయి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనుక చేరే కొంగలు, కరెంటు తీగ మీది పాలపిట్ట, గట్టు కన్నంలోంచి తల బయటపెట్టే ముంగిస కనిపించినప్పుడల్లా చేతిలోని పని ఆపలేక, ఫొటో వదులుకోలేక సతమతమవుతున్నాను. పని చెడకుండా, ఆ జీవాలకు ఇబ్బంది కలగకుండా మంచి ఫొటోలు తీసే పద్ధతిని అనుభవజ్ఞులు చెప్పగలరు.

అంతకంటే తొందరగా తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. దుక్కికి ఉంచిన మడి నడుమ తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. వాన పడగానే దున్నక తప్పదు. ఆ గుడ్లను గట్టు మీదికి మార్చవచ్చా? ఈలోగా దగ్గరికి వెళ్ళి ఫొటో తీయవచ్చా?

జవాబు (భీమిలి రైతు):

గుడ్లను దయచేసి కదపకండి. తీతువు పుల్లలు తెచ్చి గూడు అల్లదు. నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ రాళ్ళో మట్టిపెళ్ళలో చేర్చి అందులోనే పెడుతుంది. మట్టి రంగు మీద నల్లని మచ్చలుండే ఆ గుడ్లు రెండడుగుల దూరం నుండి కూడా కంటికి ఆనవు, వాటికున్న రక్షణ అదే. ఆ చోటు నుండి తీస్తే తల్లి తిరిగి పొదుగుతుందన్న భరోసా లేదు.

దగ్గరి నుండి ఫొటో కూడా వద్దంటాను, కారణం ఎండ. ఈ రోజుల్లో ఆ గుడ్లకు వెచ్చదనం కంటే చల్లదనమే ఎక్కువ అవసరం. ఆడ మగ రెండూ వంతులవారీగా కూర్చుని నీడ పడతాయి. దగ్గరి నీటిలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లకు చెమ్మ తగిలిస్తాయి. మనం పక్కన నిలబడినంతసేపూ అవి నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటాయే తప్ప గుడ్ల దగ్గరికి రాలేవు, ఆ కాసేపటికే లోపలి పిల్ల మాడిపోవచ్చు. పైగా మనం పదేపదే వెళ్ళే చోటును కాకులు కనిపెట్టేస్తాయి.

గూటికి నాలుగు వైపులా రెండు మూడు మీటర్ల ఎడంగా కర్రలు పాతి, ట్రాక్టరు డ్రైవరుకు ముందే చూపించండి. కర్రల మధ్య నేలను వదిలి మిగిలిన మడి అంతా దున్నుకోవచ్చు. పొదుగు సుమారు నాలుగు వారాలు ఉంటుంది. పుట్టిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే తల్లి వెంట నడిచి వెళ్ళిపోతాయి కనుక ఆ తరువాత అదీ దున్నుకోండి. తీతువు కూత అపశకునమని మన ఊళ్ళలో ఇప్పటికీ అంటుంటారు. పొలంలో పురుగును, చెదను ఏరుకు తినే పక్షిని అలా అనడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

జవాబు (విశాఖపట్నం నుండి, ఫొటోగ్రాఫరు):

మీకున్న వీలు నగరం నుండి వచ్చే మాకు లేదు. తమ వైపు నేరుగా నడిచి వచ్చే కొత్త మనిషిని చూసి లేచిపోయే కొంగలు, రోజూ వంగి పనిచేసే మనిషిని పట్టించుకోవు, కదిలే ట్రాక్టరుకు అసలే బెదరవు. అయితే ట్రాక్టరు నడుపుతూ మాత్రం తీయకండి. గట్టు మీద కూర్చుని, బండి మీ వైపు మళ్ళే మూలలో తీయండి. నల్లని బురదలో తెల్లని కొంగ ఉంటే కెమెరా బురదను చూసి వెలుతురు పెంచేస్తుంది, అప్పుడు ఈకల గీతలన్నీ చెరిగిపోయి సున్నం ముద్దలా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలో వెలుతురు మోతాదును) మైనస్ ఒకటి దాకా తగ్గించి చూడండి. ఎగిరే పక్షికి షట్టరు వేగం సెకనులో 1/2000 వంతు ఉంటే మంచిది.

పాలపిట్ట కూర్చున్నప్పుడు గోధుమ రంగే ఎక్కువగా కనిపిస్తుంది. రెక్క విప్పితేనే ఆ నీలం. గొంగళిపురుగులను తినే పక్షులు వాలడానికి పొలంలో ‘టి’ ఆకారపు కర్రలు పాతమని వ్యవసాయ శాఖ వారు చెబుతుంటారు కదా, వాటిలో ఒకదానిని ఉదయపు ఎండ మీ వీపు వైపు ఉండేలా పాతండి. పాలపిట్టకైనా, ఏట్రింతకైనా కిందికి దూకి పురుగును పట్టుకొని తరచుగా అదే కర్రకు తిరిగి వచ్చే అలవాటుంది. ఫోకస్ కర్ర మీద ముందే పెట్టుకుంటే కలుపు తీస్తూ కూడా కనిపెట్టి ఉండవచ్చు. ఎండ ముదిరాక నేల నుండి లేచే సెగకు దూరపు బొమ్మ ఎంత ఖరీదైన లెన్సుకైనా చెదిరిపోతుంది, కనుక పొద్దున్నే తీయడం మేలు. మన సముద్రపు గాలికి లెన్సులో బూజు పట్టకుండా, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ (చెమ్మను పీల్చే గుళికలు) వేసి ఉంచండి. పురుగుమందు డబ్బాల పక్కన మాత్రం పెట్టకండి.

జవాబు (మరొక సభ్యుడు):

చట్టం సంగతి కూడా చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను గూళ్ళను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. సొంత పొలంలో ఫొటో తీసుకోవడానికి అనుమతి అక్కరలేదు. కంబాలకొండ వంటి అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఉడుము, నెమలి ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో (జాబితాలో) ఉన్నాయి. ఫొటో కోసం ఉడుమును కన్నంలోంచి పొగ పెట్టి రప్పించడం ఎక్కడైనా నేరమే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కర్రలు ఈ సాయంత్రమే పాతిస్తాను. తీసిన ఫొటోలను ఊరి పేరుతో బయట పెట్టవచ్చా?

జవాబు (భీమిలి రైతు):

కొంగలకు, పాలపిట్టకు ఫరవాలేదండీ. గూళ్ళవి, ఉడుము, కుందేలు వంటి వేటకు గురయ్యేవి అయితే ఊరి పేరు రాయకండి, కెమెరాలోనో ఫోనులోనో లొకేషన్ ఆపేయండి. ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవాల ఫొటోలు పంచుకునే వెబ్‌సైటులో) పెట్టేటట్లయితే అసలు చోటు కనిపించకుండా మరుగుపరచే సదుపాయం ఉంది, దానిని ఎంచుకోండి. తీతువు ఫొటోలను పిల్లలు వెళ్ళిపోయాకనే పెట్టండి.