1962 ఫైనల్లో గరించాను ఆడనివ్వడం న్యాయమేనా?

వింగర్7
ముందే చెబుతున్నాను, బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు గరించా అంటే నాకు ప్రాణం. కింద రాసింది చదివి బ్రెజిల్ అంటే పడనివాడిని అనుకోవద్దు.

తెలియనివాళ్ల కోసం సంగతి ఇది. 1962 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చిలీలో జరిగింది. రెండో మ్యాచ్‌లోనే పీలేకి గాయమైంది, మళ్లీ దిగలేదు. ఆ బరువంతా కుడి వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున, దాడి చేసే గరించా మీద పడింది. జూన్ 10న క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లాండ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. 13న శాంటియాగోలో సెమీస్, ఎదురుగా చిలీ, సొంత స్టేడియం. అక్కడా రెండు కొట్టాడు, ఒకటి ఎడమ కాలితో, ఇంకోటి తలతో. బ్రెజిల్ 4-2తో గెలిచింది. కానీ ఆట ముగియబోతుండగా చిలీ ఆటగాడు ఎలాడియో రోహాస్‌ను తన్నాడు. రిఫరీ యమసాకి బయటకు పంపేశాడు. నాలుగు రోజులకే ఫైనల్. గరించా అందులో ఆడాడు. బ్రెజిల్ 3-1తో చెకోస్లొవాకియాను ఓడించి కప్పు నిలబెట్టుకుంది.

ఆడనివ్వకుండా ఉండాల్సింది అని నేనంటాను. మీరేమంటారు?

పాత స్కోర్‌కార్డులు
ఇప్పటి రూలు పట్టుకుని అప్పటి మ్యాచ్‌ను కొలవకండి. అసలు ప్రపంచ కప్‌లో ఎర్ర కార్డు, పసుపు కార్డు వచ్చిందే 1970లో. 1962లో బయటకు పంపితే తర్వాతి మ్యాచ్ దానంతటదే పోయేది కాదు. కమిటీ కూర్చుని, రిపోర్టులు చూసి, శిక్ష వేయాలా వద్దా అని తేల్చేది. గరించా విషయంలో వద్దని తేల్చింది. రూలు ప్రకారమే ఆడాడు. ఇందులో అన్యాయం ఎక్కడుంది?

వింగర్7
రూలు లేదని నేననలేదు సార్. ఆ రూలును నడిపిన తీరు గురించే నా బాధంతా. తన్నడం చూసి రిఫరీకి చెప్పింది లైన్స్‌మన్, ఉరుగ్వేకి చెందిన ఎస్తెబాన్ మారినో. విచారణ సమయానికి ఆయన చిలీలోనే లేడు, వెళ్లిపోయాడు. రిఫరీ ఏమో నేను కళ్లారా చూడలేదన్నాడు. ఈలోగా గరించా కోసం బ్రెజిల్ ప్రధానమంత్రి తాంక్రెదో నెవెస్ టెలిగ్రామ్ కొట్టాడు. ఊళ్లో పంచాయతీ పెట్టిన రోజున ఉన్న ఒక్క సాక్షీ ఊరు దాటి వెళ్లిపోయి, పైనుంచి పెద్దమనిషి కబురు వస్తే ఆ తీర్పును మనం తీర్పంటామా?

ఎడమ బ్యాక్
జిల్లా స్థాయిలో ఎనిమిదేళ్లు లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ఆడాను. వింగర్‌ను ఆపాల్సినవాడి వైపు నుంచి చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

గరించా రెండు కాళ్లూ వంకరే, రెండూ ఒకే వైపుకి వంగి ఉండేవి. ఒకటి ఇంకోదానికంటే దాదాపు 6 సెంటీమీటర్లు పొట్టి. అతను చేసేది చూడ్డానికి ఒక్కటే ఎత్తు. బంతి ముందు నిలబడతాడు, ఒళ్లు లోపలికి వంచుతాడు, మన బరువు అటు పడగానే బయటివైపు, కుడిపక్కకి, దూసుకుపోతాడు. కుడికే వెళ్తాడని స్టేడియం మొత్తానికి తెలుసు, డిఫెండర్‌కీ తెలుసు. ఐనా ఆగేవాడు కాదు. తెలిసి కూడా ఆపలేకపోతే డిఫెండర్ ఏం చేస్తాడు? కాలి మీద కొడతాడు. నేనూ కొట్టాను, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఆ రోజుల్లో దానికి శిక్ష దాదాపు ఉండేది కాదు. ఆ టోర్నీ అంతా గరించా దెబ్బలు తిన్నాడు. సెమీస్‌లో చివరికి ఓపిక నశించి ఒక్కసారి తిరిగి తన్నాడు. బయటకు నడుస్తుంటే జనంలోంచి ఏదో విసిరితే తలకి దెబ్బ తగిలింది కూడా.

ఇంకో మాట. అదే టోర్నీలో జూన్ 2న ఇటలీతో ఆడుతూ చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్ మాస్కియో ముక్కు పగిలేలా గుద్దాడు. రిఫరీ బయటకు పంపలేదు. సాంచెజ్ ఆ తర్వాత అన్నీ ఆడాడు, బ్రెజిల్‌తో సెమీస్‌లో పెనాల్టీ గోల్ కూడా కొట్టాడు. పిడిగుద్దుకి ఏమీ లేదు, తన్నుకి మాత్రం ఫైనల్ పోవాలా?

లేట్ నైట్ మ్యాచ్
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ సాంచెజ్‌ను వదిలేశారు కాబట్టి గరించానూ వదిలేయాలంటే, తప్పుకి తప్పు జోడించినట్టే కదా. పోల్చాలంటే అదే సెమీస్‌లో పోల్చండి. గరించా కంటే కాస్త ముందు చిలీ ఫార్వర్డ్ లాండానూ బయటకు పంపారు. మూడో స్థానం మ్యాచ్‌లో లాండా లేడు. ఫైనల్లో గరించా ఉన్నాడు.

1998 సెమీస్‌లో ఫ్రాన్స్ డిఫెండర్ బ్లాంక్‌ను బయటకు పంపినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. క్రొయేషియా ఆటగాడు బిలిచ్ దెబ్బను ఎక్కువ చేసి చూపించాడని టీవీలో అందరం చూశాం. ఐనా బ్లాంక్ సొంత దేశంలో జరిగిన ఫైనల్‌ను బయట కూర్చుని చూశాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

పాత స్కోర్‌కార్డులు
సరే, ఫలితం మారేదా అది చెప్పండి. ఫైనల్ రోజు గరించాకి జ్వరం. గోల్స్ కొట్టింది అమరిల్డో, జీతో, వావా. అతను లేకపోయినా బ్రెజిల్ గెలిచేది.

ఎడమ బ్యాక్
ఈ విషయంలో మాత్రం మీతో ఒప్పుకోను. గరించా మైదానంలో ఉంటే చాలు, అతని కోసం ఒకరికి ఇద్దరు డిఫెండర్లను కేటాయించాలి. మిగతావాళ్లకి ఖాళీ దొరికేది అక్కడే. జ్వరం ఉన్నా లేకపోయినా అవతలివాళ్లకి టెన్షన్ ఒకటే.

వింగర్7
మీరు నా పక్షం కాదు, కానీ నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. అతను ఉండటం వల్ల అంత తేడా వచ్చేదంటే, అతను ఉండటం సరైనదా కాదా అన్న ప్రశ్న కూడా అంత పెద్దదే.

మానే అభిమాని
ఇదంతా చదువుతుంటే మనసు బరువెక్కుతోంది. బ్రెజిల్‌లోని పావ్ గ్రాండేలో బట్టల మిల్లులో పనిచేసిన కుర్రాడు అతను. 1962 తర్వాత మోకాళ్లు అరిగిపోయాయి. 1966లో ఇంగ్లాండ్‌లోని గుడిసన్ పార్క్ స్టేడియంలో హంగరీతో 3-1తో ఓడిన మ్యాచే బ్రెజిల్ తరఫున చివరిది. ఆడిన 50 మ్యాచ్‌ల్లో ఓడింది అదొక్కటే. మద్యం తినేసింది, 1983లో 49 ఏళ్లకే పోయాడు. అంత తక్కువ దక్కిన మనిషి దగ్గర ఆ ఒక్క ఫైనల్ కూడా లాక్కోవాలా?

వింగర్7
లాక్కోవడం కాదండీ. 1958 ఫైనల్ ఉంది. స్టాక్‌హోమ్‌లో స్వీడన్ ముందు గోల్ కొడితే, కుడి అంచు నుంచి రెండుసార్లు ఒకేలా దూసుకెళ్లి వావాకి బంతి అందించాడు, రెండూ గోల్సే. చిలీలో నాలుగు రోజుల్లో నాలుగు గోల్స్ ఉన్నాయి. వాటిని ఏ కమిటీ ఇవ్వలేదు, ఎవరూ తీసేయలేరు. ఆ ఫైనల్ మాత్రం టెలిగ్రామ్‌తో వచ్చింది. నేను ఎంతగానో ప్రేమించే ఆటగాడికి అది అవసరం లేదు.

ఇంకొకటి, మనమెవరం రోహాస్ గురించి మాట్లాడలేదు. తన్ను తిన్నది అతను. ఫైనల్‌కి ముందు రోజు, జూన్ 16న, అదే శాంటియాగోలో యుగోస్లావియాతో మూడో స్థానం మ్యాచ్. ఆఖరి నిమిషం దాకా 0-0. అప్పుడు గోల్ కొట్టి చిలీని గెలిపించింది ఎలాడియో రోహాసే. ఆ మ్యాచ్ వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, చూడాలనుంది.