దేవుడూ పెద్దలూ వద్దనకపోయినా కొట్టడం తప్పేనా? పిల్లల్ని అడిగి తెలుసుకోవడం ఎలా?

పలక_బలపం:
ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు నడిపే నీతి తరగతి కోసం అడుగుతున్నాను. తల్లిదండ్రుల్లో కొందరు "దైవభయం లేనిదే నీతి లేదు" అంటారు. ఇంకొందరు "పెద్దలు నేర్పిందే నీతి, ఊరు మారితే అదీ మారుతుంది" అంటారు. ఈ మాటలు నిజమైతే, దేవుడూ పెద్దలూ వద్దనని చోట పిల్లలకు కొట్టడం తప్పు అనిపించకూడదు. దీన్ని పిల్లల నోటనే రాబట్టే పద్ధతి ఒకటి ఉందట. ఏం అడగాలి, ఎన్ని అడగాలి, ఎక్కడ పొరబడతాం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బాలవాక్కు:
ఉందండీ. ఎలియట్ టురియెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు 1970ల నుంచి వాడుతున్న పద్ధతి. "ఇది తప్పా?" అని మాత్రమే అడిగితే ఏమీ తేలదు. కొట్టడమూ తప్పే అంటారు, యూనిఫాం వేసుకోకపోవడమూ తప్పే అంటారు. ఆ తప్పు దేని మీద నిలబడిందో చూడాలి.

అందుకు ఒక్కో పనికి నాలుగు ప్రశ్నలు. చేయొచ్చా, కూడదా? ఎందుకని? టీచరే "చేసుకోండి, నేనేమీ అనను" అంటే అప్పుడు? వేరే ఊరి బడిలో అసలు ఆ నియమమే లేకపోతే, అక్కడి పిల్లలు చేస్తే?

పనులు ఆరు చాలు. ఎదుటివాడికి హాని కలిగేవి రెండు: తోటివాణ్ణి కొట్టడం, పక్కవాడి టిఫిన్ బాక్సు ఖాళీ చేయడం. ఒట్టి కట్టుబాట్లు రెండు: యూనిఫాం లేకుండా రావడం, టీచర్‌ని పేరు పెట్టి పిలవడం. ఎటూ తేలనివి రెండు: పుస్తకాన్ని తొక్కడం, ఎడమ చేత్తో అన్నం తినడం. వీటిని కలగాపులగంగా అడగాలి. ఒక రకమంతా ముందు అడిగేస్తే పిల్లలు వరస పసిగట్టి అదే జవాబు అప్పజెబుతారు. మొత్తం ఇరవై నాలుగు ప్రశ్నలు అవుతాయి కాబట్టి ఎనిమిదేళ్లవాళ్లకు రెండు రోజులు పెట్టుకోండి. అలసిపోయిన పిల్ల అన్నిటికీ "తప్పు" అనేస్తుంది.

ఎక్కువగా చెడేది ఇక్కడ: పాఠం చెప్పే మనిషే అడిగితే పరీక్ష జవాబే వస్తుంది. కాబట్టి వేరే వాళ్ల చేత అడిగించండి, ఒక్కొక్కరినీ విడిగా అడిగించండి. మూడో ప్రశ్నకు "మా టీచర్ అలా అనదు" అంటే అది జవాబు కాదు, ప్రశ్నను ఒప్పుకోకపోవడం. "ఇంకో ఊళ్లో ఒక సారు అలాగే అన్నాడనుకో" అని మళ్లీ అడగాలి. రెండో ప్రశ్నకు వచ్చిన మాట ఉన్నదున్నట్టు రాసుకోవాలి. "వాడికి నొప్పెడుతుంది" వేరు, "టీచర్ తిడుతుంది" వేరు. మీరు ఇద్దరిదీ "తప్పు అన్నారు" అని రాసుకుంటే శ్రమంతా వృథా.

ఇప్పటిదాకా చేసిన చోట్ల సాధారణంగా కనబడింది ఇది: బడి ఈడు రాకముందే, మూడు నాలుగేళ్లకే, టీచర్ ఒప్పుకున్నా కొట్టడం తప్పే అంటారు, కట్టుబాటు విషయంలో మాత్రం "టీచర్ సరే అంటే సరే" అంటారు. పరిశోధకురాలు జుడిత్ స్మెటానా 1981లో ఇంత చిన్నవాళ్లతోనే చేసి చూపించారు. దైవభయం మాటకు కూడా జవాబు ఉంది. లారీ న్యూచీ అనే పరిశోధకుడు అమెరికాలో ఆమిష్, మెనోనైట్ కుటుంబాల పిల్లల్ని అడిగారు. వాళ్లు మతనియమాలను చాలా కట్టుగా పాటించే క్రైస్తవులు. ఆదివారం పని చేయకూడదని దేవుడు చెప్పి ఉండకపోతే చేయొచ్చు అన్నారు పిల్లలు. దొంగతనం గురించి దేవుడేమీ చెప్పకపోయినా అది తప్పే అన్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు దేవుడంటే నమ్మకం లేక కాదు. తప్పుకు కారణం ఆ ఆజ్ఞ ఒక్కటే కాదని వాళ్లకే తెలుసు.

లింగరాజ_వీధి:
పద్ధతి మంచిదే. కానీ మన దేశంలో అడిగినప్పుడు నీతికీ కట్టుబాటుకీ మధ్య గీత అంత తేటగా పడలేదు, అది దాచకూడదు.

రిచర్డ్ ష్వేడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ అనే పరిశోధకులు భువనేశ్వర్ పాతబస్తీలో లింగరాజ ఆలయం చుట్టుపక్కల ఉండేవాళ్లనూ, షికాగోలో కొందరినీ 39 సంఘటనల మీద అడిగారు. ఫలితాలు 1987లో వచ్చాయి. తండ్రి పోయిన మర్నాడు పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తిన్నాడు అన్నది ఒడియా బ్రాహ్మణులకు అన్నిటికన్నా ఘోరమైనవాటిలో ఒకటి. వితంతువు చేపలు తినడమూ పెద్ద తప్పే. షికాగోవాళ్లకు ఇవి తప్పే కావు. భువనేశ్వర్‌వాళ్లు వీటిని "మా ఊరి ఆచారం, వేరేచోట మారొచ్చు" అనలేదు, అదీ విశేషం.

టురియెల్ వర్గం వెంటనే బదులిచ్చింది. కొడుకు మైలలో మాంసం తింటే తండ్రి ఆత్మకు కష్టమని నమ్మేవాళ్లకు అది కోడికూర సంగతి కాదు, తండ్రికి చేసిన హాని అన్నది వాళ్ల మాట. కాబట్టి పై నాలుగింటికీ ఐదో ప్రశ్న తప్పక చేర్చండి: "దానివల్ల ఎవరికి ఏమవుతుంది?" "పాపం తగులుతుంది" అంటే అక్కడ ఆగొద్దు, "పాపం తగిలితే ఏమవుతుంది, ఎవరికి?" అని అడగండి.

ఆ బదులుతోనూ కథ ముగియలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త జొనథన్ హైట్, ఇంకో ఇద్దరు 1993లో హాని లేకుండా కల్పించిన సంగతులతో ఫిలడెల్ఫియాలోనూ బ్రెజిల్ నగరాల్లోనూ అడిగారు. పాత జాతీయ జెండాను చింపి బాత్రూం తుడవడం వాటిలో ఒకటి. కలిగిన కుటుంబాల కళాశాల విద్యార్థులు చాలావరకు "వాళ్లిష్టం" అన్నారు. పేద కుటుంబాలవాళ్లలో చాలామంది ఎవరికీ నష్టం లేకపోయినా తప్పే అన్నారు. దేశం కన్నా చదువూ స్థితీ ఎక్కువ తేడా తెచ్చాయి. అందుకే ఒకే రకం బడి పిల్లల్ని అడిగి "తెలుగు పిల్లలు ఇలా అనుకుంటారు" అని రాయకండి.

నా ఉద్దేశంలో, ఎదుటివాడికి నొప్పి కలిగించడం కూడదన్నది పిల్లలకు తోటివాళ్లతో మసలుతూనే అందుతుంది. ఎవరెవరికి నొప్పి కలుగుతుంది, పోయినవాళ్లకూ పశువుకూ పుస్తకానికీ కూడానా అన్న జాబితాను మాత్రం ఇల్లూ వాడా ఇస్తాయి. నీతి ఎక్కడి నుంచి అన్నదానికి ఒక్క జవాబు వెతికితే ఈ రెండిట్లో ఒకటి చేజారుతుంది.

భాష్యకారిక:
ఈ చర్చ ఇక్కడ మనకు పాతది. సుమారు ఏడో శతాబ్దంలో మీమాంసా పండితుడు కుమారిల భట్టు తన శ్లోకవార్తికం అనే గ్రంథంలో ఇదే తూచాడు. పరులకు మేలైతే ధర్మం, కీడైతే అధర్మం అనేవాళ్లకు ఆయన ప్రశ్న: జపం వల్ల ఎవరికీ మేలూ లేదు, కీడూ లేదు, కల్లు తాగడమూ అంతే. మరి రెండూ ధర్మాధర్మాలకు బయటివేనా? ఇంకా ముందుకెళ్లి, సుఖం ఇవ్వడమే కొలత అయితే, మనసు ఘోషిస్తున్నా గురుపత్నితో పోయినవాడికి పుణ్యం రావాలి కదా అంటాడు (ఇది పిల్లలకు కాదు, తల్లిదండ్రుల సమావేశానికి). కాబట్టి ధర్మానికి వేదవిధే ప్రమాణం అన్నది ఆయన తీర్పు. ఆ తీర్పు నేను ఒప్పుకోను, కానీ హాని ఒక్కటే కొలత అనేవాళ్లకు ఆ ఆక్షేపణ నేటికీ గట్టిదే.

ధర్మశాస్త్రం నుంచే నీతి అనేవారికి మనుస్మృతి రెండో అధ్యాయం చూపించండి. అక్కడ ధర్మానికి మూలాలుగా వేదం, స్మృతి, సజ్జనుల ఆచారంతో పాటు ఆత్మతుష్టి, అంటే తన మనసుకు నచ్చడం, కూడా ఉంది. శాస్త్రం రెండు దారులు ఇచ్చిన చోట మాత్రమే మనసు మాట చెల్లుతుందని మనుస్మృతి వ్యాఖ్యాత కుల్లూకుడు దాన్ని బిగించాడు. అంటే ఆ నాలుగోదాన్ని ఎంతవరకు రానివ్వాలన్నది వ్యాఖ్యాతలకే పెద్ద చిక్కు.

పలక_బలపం:
చాలా సాయం చేశారు. మైల, చావు సంగతులు పదేళ్ల పిల్లల దగ్గర ఎత్తలేను. ఎటూ తేలని పనులకు పుస్తకం తొక్కడం ఒక్కటీ సరిపోతుందా?

బాలవాక్కు:
సరిపోతుంది, బాగా తవ్వితే. తెలియక కాలు తగిలిందా, కావాలని తొక్కాడా? ఎవరూ చూడలేదు, అప్పుడు? అది పుస్తకం కాదు, పాత న్యూస్ పేపర్ అయితే? తన పుస్తకమే అయితే? ఒక్కోసారి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే జవాబు దేనివల్ల మారిందో తెలియదు. మధ్యలో "అలా అనకూడదమ్మా" అని సరిదిద్దారంటే ఆ పిల్ల దగ్గర ఇక నిజమైన జవాబు రాదు. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి, జవాబుల కాగితాలపై పేర్లు వద్దు. కారణాలను ఇద్దరు వేర్వేరుగా "హాని", "ఆజ్ఞ", "ఆచారం", "దైవం" అని గుర్తించి తర్వాత పోల్చుకోండి. ఎక్కువగా తేడా పడేది "పాపం" అన్న జవాబు దగ్గరే, దానికి ఏ గుర్తు పెట్టాలో మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోండి.