మిర్చి నెమ్ము చూడటానికి లైట్ సెన్సార్ మెషీన్లు వస్తే రైతుకి మేలా, కీడా?

తెనాలి_సుధ:
అందరికీ నమస్తే. నేను ఎంటెక్ చేస్తన్నా, ప్రాజెక్టు ఏందంటే ఎండు మిర్చి మీద ఇన్‌ఫ్రారెడ్ లైటు కొట్టి, తిరిగొచ్చిన లైటుని డిటెక్టర్‌తో చదివి కాయలో నెమ్ము ఎంత శాతమో చెప్పటం. ఇంట్లో చెప్తే నాన్న సంతోషపడతారనుకున్నా, "ఇది వస్తే మా రేటు ఇంకా కోస్తారమ్మా" అన్నారు. ఆ మాట నన్ను వదలట్లా. మీరేమంటారు?

కాంతి_మాస్టారు:
అమ్మా సుధా, వెనక్కి తగ్గకు. బెజవాడలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినోణ్ణి చెప్తన్నా. ఇవాళ నెమ్ము ఎట్టా చూస్తన్నారు? గుప్పిట్లో పట్టి నలుపుతారు, చెవి దగ్గర పెట్టి ఊపుతారు, గింజ గలగలమంటే ఎండింది లేకపోతే లేదు, అంతే. కానీ నీళ్లకి ఒక గుణం ఉంది, 1450 నానోమీటర్ల దగ్గర ఉన్న కాంతిని బాగా మింగేస్తది, ఎంత మింగిందో కొలిస్తే నీళ్లెన్నో తెలుస్తది. మన ఫోన్ కెమెరా సిలికాన్‌ది, దాని బ్యాండ్‌గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ని లేపటానికి కావాల్సిన కనీస శక్తి, 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, 1100 నానోమీటర్లు దాటితే ఆ కాంతికి ఎలక్ట్రాన్‌ని లేపే బలం చాలదు, అంటే సిలికాన్‌కి నీళ్లు కనపడవు. ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్ అయితే 1700 దాకా చూస్తది కానీ ఖరీదు. అందుకే పరిశోధకులు లెడ్ సల్ఫైడ్ క్వాంటం డాట్లని, అంటే కొన్ని నానోమీటర్ల సైజు రేణువుల్ని, సిరా లాగా చిప్ మీద పరిచి చవగ్గా చేయాలని చూస్తన్నారు, 2023లో కెమిస్ట్రీ నోబెల్ కూడా క్వాంటం డాట్లకే వచ్చింది. ఇది రైతుకి వరం.

పెదనందిపాడు_రైతు:
వరం సంగతి నేను చెప్తా ఇనండి మాస్టారూ. పోయినేడు 40 టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, తోలా, సుమారు 17 క్వింటాళ్లు, పది రోజులు కళ్లంలో నేనూ నా భార్యా తిరగేసి తిరగేసి ఎండబెట్టిన కాయ. కమీషన్ కొట్లో వాడు మీటర్ పెట్టాడు, నెమ్ము 14 శాతం అన్నది, క్వింటాకి 800 కోత అన్నాడు. పక్క కొట్లో మచ్చు చూపిస్తే ఆయన నలిపి చూసి "బానే ఉందిగా" అన్నాడు, కానీ అప్పటికే దించేశా. 13,600 పోయినయ్. ఎవరి కొట్టు అనేది ఎందుకులే. మెషీన్లంటే నాకు అదే గుర్తొస్తది.

కాంతి_మాస్టారు:
అయ్యా, మీ బాధ నిజం, కానీ కాయలో సూదులు గుచ్చే మీటర్ కదా అది? అది కాంతితో పని చేసేది కాదు, కరెంటు ఎంత తేలిగ్గా పారుద్దో చూసేది. అన్నింటినీ ఒకే గాటన కట్టకండి.

నాగ_గుంటూరు:
మాస్టారూ పోయింది డబ్బులు, కరెంటుతో పోతే ఏంది కాంతితో పోతే ఏంది.

బెజవాడ_చిప్:
నేను ఇమేజ్ సెన్సార్ డిజైన్‌లోనే పని చేస్తా. సార్, సిలికాన్‌కి నీళ్లు కనపడవు అనటం తప్పు. 970 నానోమీటర్ల దగ్గర నీళ్లు కాంతిని మింగే ఇంకో బ్యాండ్ ఉంది, అది సిలికాన్ పరిధిలోనే ఉంది. చవక సెన్సార్‌తో చేయొచ్చు.

కాంతి_మాస్టారు:
970 చాలా బలహీనమైన బ్యాండ్ బాబూ. పుచ్చకాయలో కాంతి లోపలికి దూరి చాలా దూరం తిరిగొస్తది కాబట్టి అక్కడ పనికొస్తది. ఎండు మిర్చి అంటే పల్చటి తోలు, లోపల డొల్ల. ఆ కాస్త దూరంలో 970 ఎంత మింగుద్ది? లెక్క వేసి చూడు.

బెజవాడ_చిప్:
ఒక్క కాయ పెడితే మీరన్నది కరెక్టే సార్, కప్పులో కాయలు కుక్కి పెడితే కాంతి వాటి మధ్య అటూ ఇటూ తిరిగి దారి పెరుగుద్ది కదా. పుస్తకంలో ఉన్నదే కాదు, బెంచి మీద పెట్టి చూసినోణ్ణి చెప్తన్నా.

కాంతి_మాస్టారు:
పుస్తకం అని తేలిగ్గా తీసేయకు. కుక్కితే కాయ విరుగుద్ది, విరిగిన కాయ రీడింగు వేరు. నువ్వు బెంచి మీద మిర్చి పెట్టావా లేక ఇంకేదన్నానా? సూటిగా చెప్పు.

బెజవాడ_చిప్:
బియ్యం పెట్టా. సూత్రం ఒకటే.

కాంతి_మాస్టారు:
కాదు.

పెదనందిపాడు_రైతు:
మీ 970లూ 1450లూ మీరు తేల్చుకోండి నాయనా. పండించేటోడు ఇక్కడ ఒకడు మొత్తుకుంటన్నాడు, వాడి మాట ఎవరికీ పట్టలా.

కొట్టు_శేషు:
మాది కమీషన్ కొట్టే, మా నాన్న నలభై ఏళ్ల నుంచి చేస్తన్నాడు. అందరినీ దొంగల్ని చేయొద్దు. 10, 11 శాతం దాటిన కాయ కోల్డ్ స్టోరేజీలో పెడితే బూజు పట్టుద్ది, ఆ నష్టం ఎవరిది? యూరప్ పోయే సరుకులో అఫ్లాటాక్సిన్, అదే బూజు వల్ల పుట్టే విషం, మొత్తం కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, దాటితే సరుకు వెనక్కి. తూకం కోసం నీళ్లు చల్లి తెచ్చేటోళ్లు లేరా?

పెదనందిపాడు_రైతు:
శేషూ నోరు జాగర్త. పొద్దున మంచులో టిక్కీ తొక్కకపోతే కాయ పొడి పొడి అవుద్ది, దానికి చల్లేది గుక్కెడు నీళ్లు. అది దొంగతనమా? మీ కాటా దగ్గర మచ్చు పేరుతో తీసే కాయలు ఎన్నేళ్ల నుంచి పోతన్నాయో లెక్క తీద్దామా?

కొట్టు_శేషు:
తీద్దాం. గుక్కెడే చల్లారా బిందెడు చల్లారా అని మెషీన్ చెప్తది, అందుకే వద్దంటన్నారు మీరు.

పెదనందిపాడు_రైతు:
వద్దంటన్నది అందుకు కాదయ్యా! చేత్తో నలిపినప్పుడు నేను కూడా నలిపేవాణ్ణి. "ఇదుగో ఇను, గింజ మోగుతంది" అని వాదించేవాణ్ణి, వంద దగ్గరో రెండొందల దగ్గరో తెగేది. మెషీన్ 14 అన్నాక నా నోట్లోంచి మాట రాలా. వాడి మెషీను, వాడి చెయ్యి, వాడు చదివిన అంకె. ముప్పై ఏళ్లు పండించిన నా చేతికి ఇలవ లేదు ఆ రోజు. అదీ నా ఏడుపు.

కాంతి_మాస్టారు:
రైతు గారూ, ఇది ముందే రాయాల్సింది, నేనూ నా సంగతి రాయాల్సింది. మా నాయన కూడా మిర్చి వేశాడు. నాకు పదేళ్లప్పుడు ఆయన వెంట అమ్మకానికి పోయా. కొట్టు వాడూ కొనేవాడూ తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రేటు తేల్చుకున్నారు, మా నాయన పక్కన నిలబడి తువ్వాలు వైపు చూస్తా ఉన్నాడు. తన పంట రేటు తనకి కనపడకుండా తేల్చారు. అది చూసే నేను అంకె అనేది అందరికీ కనపడేట్టు ఉండాలని మొండికేస్తా. మీకు వాదించే చోటు పోయింది, మా నాయనకి ఆ చోటు ఎప్పుడూ లేదు.

బెజవాడ_చిప్:
మీ ఇద్దరిదీ చదివాక నాకొకటి చెప్పాలనిపించింది. కొవిడ్‌లో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ కూడా ఫోటోడయోడే, 660, 940 రెండు కాంతులు పంపి చదువుద్ది. 2020 డిసెంబర్‌లో అమెరికా నుంచి ఒక అధ్యయనం వచ్చింది, మీటర్ బానే ఉందన్నా నిజంగా ఆక్సిజన్ పడిపోయిన రీడింగులు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. డిటెక్టర్ పాడైపోలా, చర్మం రంగు కాంతిని మార్చింది, ఆ తేడాకి తగ్గట్టు మీటర్ని సరిచేయలా. మిర్చిలోనూ అంతే, ముడతల బ్యాడిగి రకం మీద సరిచేసిన మీటర్‌ని సన్నటి తేజ రకం మీద పెడితే శాతం తప్పొచ్చు. బియ్యం గురించి మీరన్నది ఒప్పుకుంటన్నా సార్. సుధా, నీ మచ్చులు ఏ రకాలు?

తెనాలి_సుధ:
ఒకే ఊరి తేజ. ఒకే కళ్లం. టోలీన్ అనే ద్రావకంలో మరిగించి నీళ్లు విడదీసి అసలు శాతం కొలిచి దాంతో సరిచేశా, గ్రాఫ్ చాలా బాగా వచ్చింది, మా గైడ్ మెచ్చుకున్నారు. ఇది చదివాక రాత్రి నిద్ర పట్టలా. తాలుకాయ, అదే రంగు పోయిన నాసి కాయ, ఒక్కటి కూడా పెట్టలేదు నేను.

పెదనందిపాడు_రైతు:
అమ్మాయ్, నా దగ్గర 334 రకం మిర్చి ఉంది. ఫిబ్రవరిలో కోత. మొదటి కోత, రెండో కోత, తాలు, అన్నీ విడివిడిగా ఇస్తా, వచ్చి పట్టుకెళ్లు. కళ్లంలో నేను నలిపి ఎంతో చెప్తా, రాసుకో, తర్వాత నీ మెషీన్ పెట్టు. తప్పు నాది అయితే ఒప్పుకుంటా.

కొట్టు_శేషు:
మా కొట్లో మచ్చులు కూడా ఇస్తాం. కానీ రీడింగు ఇద్దరికీ ఒకేసారి చూపించాలి.

పెదనందిపాడు_రైతు:
ముందు నాకు. ఇల్లు దాటక ముందే నాకు తెలవాల. మీ కొట్టుకొచ్చాక తెలిస్తే నేను తిప్పుకుపోలేను, లారీ బాడుగ ఎవడిస్తాడు?