అప్‌డేట్: మైపాడు ఒడ్డున గాలానికి పండుగప్ప పడింది

పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో నాలుగు ఆదివారాలు గాలం వేసినా ఒక్క చేపా పడలేదు, ఎర మార్చాలా, రాడ్ మార్చాలా అని. రెండూ కాదు. నేను వేసే దూరమే తప్పు.

"ముందు పాటు నీళ్లప్పుడు (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) ఒడ్డు చూసి రా" అని సలహా ఇచ్చిన అన్నకి చాలా థ్యాంక్స్. శనివారం సాయంత్రం పోయి చూశా. అలలు విరిగే ఇసుక తిన్నెకీ ఒడ్డుకీ మధ్య కాలువలాగా లోతు ఉంది. అక్కడ నురగ తక్కువ, నీళ్లు ముదురు రంగు. ఇన్నాళ్లూ బలం కొద్దీ దాని అవతలకి విసురుతున్నా! వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కూడా అదే అన్నాడు: "చేప నీ కాళ్ల కాడుంటే గాలం యాడికో యేస్తావేంది అబ్బయా?"

ఆదివారం తెల్లారుజామున పోటు ఎక్కుతుండగా, బతికున్న రొయ్య గుచ్చి ఆ కాలువలోనే వేశా. దారానికి బరువుగా కట్టిన, కమ్మీ కాళ్లున్న సీసం ఇసుకలో పట్టుకుని కదల్లేదు. మొదటి చేప దారం తెంపుకుపోయింది. తెగిన కొస చూస్తే కత్తితో కోసినట్టుంది. పండుగప్ప చెంప మూత అంచు అంత పదును. కొసకి మందపాటి నైలాన్ దారం కట్టాక రెండోది నిలిచింది, కిలోన్నర పైనే.

ఒక్క మాట, నీళ్లలో దిగితే పాదాలు ఈడుస్తూ నడవండి. ఇసుకలో టేకు చేప (స్టింగ్‌రే) దాక్కుని ఉంటుంది, తొక్కితే తోక ముల్లు దిగుద్ది.

వచ్చే వారం ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచ్‌కి పోతున్నా.